తర్వాతి మేనేజర్ ఎవరన్న వాదనను నడిపించే పద్ధతి

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌కు మేనేజర్‌ను ఎంపిక చేసే బాధ్యతను తిరుపతిలో ఎవరికీ ఎవరూ అప్పగించలేదు. అయినా ఎస్వీ యూనివర్సిటీ గేటుకు కాస్త దూరంలో ఉన్న ఒక టీ కొట్టు బల్ల దగ్గర మేము 2013 మే నెల నుంచి ఆ పనే చేస్తున్నాము. ఇప్పుడు నాతో కలిపి ఏడుగురం. ఇద్దరం యూనివర్సిటీ ఉద్యోగులం, ఒకరు మెడికల్ రెప్, ఒకరికి రేణిగుంట రోడ్డులో టైర్ల షాపు ఉంది, ఇద్దరు తర్వాత వచ్చి చేరిన ఇంజనీరింగ్ విద్యార్థులు, ఒకరు ఉద్యోగ విరమణ చేసిన డ్రిల్లు సారు. చలికాలంలో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ మనకు రాత్రి ఒకటిన్నరకు మొదలవుతుంది. అది ముగిసేసరికి కొండ మీద సుప్రభాత సేవ మొదలై ఉంటుంది. నిద్ర చెడి, జట్టు ఓడి ఉన్న మనిషి నోట ఆ వేళ ముందుగా వచ్చేది ఇప్పుడున్న మేనేజర్‌ను తీసేయాలన్న మాట, వెంటనే వచ్చేది కొత్తవాడి పేరు.

ఆ పేరు దగ్గరే వాదన దారి తప్పుతుంది. పేరు చివరకు రావాలి. అంతకుముందు తేల్చుకోవలసినవి ఏమిటో, ఏ క్రమంలో తేల్చుకోవాలో, మేము చేసిన తప్పులతో సహా ఇక్కడ రాస్తున్నాను. మీ క్లబ్బు లివర్‌పూల్ అయినా, ఆర్సెనల్ అయినా, కేరళ బ్లాస్టర్స్ అయినా పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

కుర్చీ ఖాళీ అయిందా?

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మాలాంటి అభిమానులను చూసే పుట్టిందేమో. మేనేజర్ పదవిలో ఉండగానే వారసుడి కోసం తలపడే ముందు, అతడు నిజంగా పోవలసినవాడేనా అన్నది ఒక పూట విడిగా మాట్లాడుకోండి. ఇక్కడ ఫలితాన్ని, ఆటను వేరు చేసి చూడాలి. అందుకు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్న కొలత ఎక్స్‌పెక్టెడ్ గోల్స్. ప్రతి షాట్‌కూ, అది ఎంత దూరం నుంచి, ఏ కోణం నుంచి, ఎటువంటి పాస్ మీద వచ్చిందన్నదాన్ని బట్టి, గోల్ అయ్యే అవకాశాన్ని సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకెగా ఇస్తారు; పెనాల్టీకి అది నాలుగింట మూడు వంతులకు పైనే ఉంటుంది, ముప్పై గజాల నుంచి కొట్టిన షాట్‌కు బహు స్వల్పం. మన జట్టు సృష్టించుకున్న అవకాశాలనూ, ఎదుటివారికి ఇచ్చిన అవకాశాలనూ పది పన్నెండు మ్యాచ్‌లకు కలిపి చూస్తే, జట్టు బాగా ఆడి ఓడుతోందా, ఆటే చెడి ఓడుతోందా అన్నది కొంతవరకు బయటపడుతుంది. ఒక్క మ్యాచ్ అంకెను పట్టుకుని తీర్పు చెప్పకండి.

మేనేజర్ యూర్గెన్ క్లాప్ సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. 2014–15 సీజన్‌లో అతడి బొరూసియా డార్ట్‌మండ్ ఒక దశలో జర్మన్ లీగు పట్టికలో అట్టడుగుకు జారి, చివరకు ఏడో స్థానంతో సరిపెట్టుకుంది. పట్టికను మాత్రమే చూసినవారికి క్లాప్ పని అయిపోయినట్టే కనిపించింది. లివర్‌పూల్‌లో పరిశోధన విభాగాన్ని నడిపిన ఇయాన్ గ్రహం, సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో డాక్టరేట్ పొందినవాడు, ఆ సీజన్ మ్యాచ్‌లను లెక్కగట్టి, పడిపోయింది జట్టు ఆట కాదనీ, అదృష్టమేననీ తేల్చాడు. క్లాప్ 2015 అక్టోబరులో లివర్‌పూల్‌కు వచ్చాడు; 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో ఇంగ్లండ్ లీగు ఆ క్లబ్బుకు దక్కాయి.

మేనేజర్‌ను తీసేయగానే జట్టు కోలుకుంటుందన్న నమ్మకాన్ని కూడా కాస్త తడిమి చూడాలి. నెదర్లాండ్స్ లీగులో 1986 నుంచి 2004 వరకు జరిగిన తొలగింపులను పరిశీలించిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం, మేనేజర్‌ను మార్చిన జట్లు ఎలా పుంజుకున్నాయో, అంతే చెడ్డ దశలో ఉండి కూడా మార్చని జట్లు అలాగే పుంజుకున్నాయని చూపింది. ఆరు మ్యాచ్‌లు వరుసగా ఓడిన జట్టు ఏడో మ్యాచ్ గెలిస్తే, అందులో కొత్త మేనేజర్ ప్రతిభ ఎంత, ఎప్పటికైనా రావలసిన గెలుపు వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. దీని అర్థం ఎవరినీ ఎప్పుడూ తీయకూడదని కాదు. తీయమనేవాడు కారణంగా పట్టికను కాకుండా ఆటను చూపించాలని.

ఇందుకు విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది. 2023–24లో యునైటెడ్ లీగులో ఎనిమిదో స్థానంలో ముగిసి, ఆ మే నెలలోనే మాంచెస్టర్ సిటీని 2–1తో ఓడించి ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్పు గెలిచింది. ఆ ఒక్క సాయంత్రం మా బల్ల దగ్గర అందరి మనసూ మార్చేసింది. అంతకు వారం ముందు అప్పటి మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్‌ను పంపేయమన్నవారే ఉంచమన్నారు, అందులో నేనూ ఉన్నాను. క్లబ్బు కూడా అతడిని ఉంచుకుని, జులైలో కాంట్రాక్టు పొడిగించి, అక్టోబరులో తొలగించింది. ముప్పై ఎనిమిది లీగు మ్యాచ్‌ల సాక్ష్యాన్ని ఒక్క ఫైనల్‌కు తాకట్టు పెట్టవద్దు.

ఏ పనికి మనిషి కావాలి?

మామిడి కాలంలో దామలచెరువు మార్కెట్‌కు వెళ్లి మంచి కాయ ఏదని అడిగి చూడండి. ఎందుకు అని వ్యాపారి ఎదురు ప్రశ్న వేస్తాడు, ఎందుకంటే గుజ్జు ఫ్యాక్టరీకి కావలసింది తోతాపురి, ఇంట్లో కోసుకుని తినడానికి కావలసింది బేనీషా. మంచి మేనేజర్ ఎవరు అనే ప్రశ్నకు కూడా ముందుగా ఇదే ఎదురు ప్రశ్న రావాలి.

యునైటెడ్‌ను 1986 నుంచి 2013 వరకు నడిపిన అలెక్స్ ఫెర్గూసన్ కాలంలో మేనేజర్ అంటే ఆటగాళ్లను కొనేవారు, అమ్మేవారు, కుర్రవాళ్ల శిక్షణను కనిపెట్టి ఉండేవారు, శనివారం ఎవరు ఆడాలో నిర్ణయించేవారు. (మా బల్ల దగ్గర బహువచనం దక్కే మేనేజర్ ఆయన ఒక్కరే.) ఇప్పుడు చాలా క్లబ్బుల్లో ఆటగాళ్ల కొనుగోలు స్పోర్టింగ్ డైరెక్టర్ చేతిలో ఉంటుంది, మైదానంలో పని హెడ్ కోచ్ చేతిలో ఉంటుంది. 2024లో లివర్‌పూల్‌కు వచ్చిన ఆర్నే స్లాట్, అదే ఏడాది నవంబరులో యునైటెడ్‌కు వచ్చిన రూబెన్ అమోరిమ్, ఇద్దరూ వచ్చింది హెడ్ కోచ్ హోదాతోనే. పేరులో చిన్న తేడాగా కనిపించినా వాదనలో ఇది పెద్ద తేడా తెస్తుంది. ఫలానావాడు వస్తే మంచి ఆటగాళ్లను కొంటాడు అని ఎవరైనా అంటే, మన క్లబ్బులో కొనేది అతడేనా అని అడగండి. కాకపోతే ఆ గుణాన్ని అతడి ఖాతాలో వేయకూడదు, పాత కొనుగోళ్ల పాపాన్ని పాత కోచ్ నెత్తిన కూడా పూర్తిగా రుద్దకూడదు.

కాబట్టి ఒక కాగితం తీసుకుని, రాబోయేవాడు చేయవలసిన పనులను మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. గెలిపించాలి అని రాస్తే అది రాసినట్టు కాదు, ఆ మాట అందరికీ వర్తిస్తుంది. వయసు మళ్లిన జట్టును ఖర్చు తక్కువతో కొత్తగా కట్టాలా, తయారై ఉన్న జట్టుకు చివరి మెరుగు పెట్టాలా, రెలిగేషన్ నుంచి, అంటే కింది లీగుకు పడిపోకుండా, ఈ ఏడాదికి గట్టెక్కిస్తే చాలా? ఈ మూడూ వేరువేరు ఉద్యోగాలు, వీటికి దరఖాస్తు చేసేవారు కూడా వేరువేరు మనుషులు. మా అనుభవంలో, పేర్ల మీద గొంతులు చించుకున్న ఇద్దరు నిజానికి రెండు వేరువేరు ఉద్యోగాల గురించి మాట్లాడుతున్నారని ఈ కాగితం రాశాకే తెలిసివచ్చిన సందర్భాలు ఉన్నాయి.

జట్టును కాగితం మీద పెట్టండి

నా అభిప్రాయంలో మొత్తం పద్ధతిలో అన్నిటికన్నా విలువైన భాగం ఇది, అందరూ దాటవేసేదీ ఇదే. మా ఇంజనీరింగ్ కుర్రవాడు ఒక రోజు ఒక కొత్త పేరు తెచ్చి, అతడి జట్టు ఆడే తీరును పదిహేను నిమిషాలు వర్ణించాడు. డ్రిల్లు సారు టీ గ్లాసు కింద పెట్టి, “అంతా బాగుంది నాయనా, మన లెఫ్ట్ బ్యాక్ ఎవరో ముందు చెప్పు” అన్నారు. కుర్రవాడి దగ్గర సమాధానం లేదు. మా దగ్గరా లేదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఆ స్థానంలో ఆడవలసిన వారిద్దరూ గాయాలతో ఉన్నారు.

ప్రీమియర్ లీగులో ఒక క్లబ్బు 21 ఏళ్లు దాటిన ఆటగాళ్లను 25 మందికి మించి నమోదు చేయకూడదు. అందులో ఇంగ్లండ్, వేల్స్ క్లబ్బుల్లో శిక్షణ పొందని వారు 17 మందికి మించకూడదు. అంటే రాసుకోవలసిన పేర్లు పాతిక, అంతకన్నా చిన్నవారితో కలిపి ముప్పై. ఒక్కొక్కరి పక్కన వయసు, కాంట్రాక్టు ఎప్పటి వరకు ఉంది, నిజంగా బాగా ఆడే స్థానం ఏది అన్నవి రాయండి. గంట పని. ఆ తర్వాత మీరు తలచుకున్న మేనేజర్ గత రెండేళ్లుగా ఏ ఆకృతిలో, అంటే వెనుక, మధ్య, ముందు ఎందరెందరిని నిలిపి, జట్టును ఆడించాడో చూసి, ఆ ఆకృతిలో మన వారిని నిలబెట్టండి. ఎన్ని ఖాళీలు మిగిలాయో, ఎంతమంది మంచి ఆటగాళ్లు ఆడకుండా పక్కన కూర్చోవలసి వచ్చిందో లెక్కపెట్టండి.

అమోరిమ్ విషయంలో మేము ఈ గంట పని చేయలేదు. లిస్బన్‌లోని స్పోర్టింగ్ క్లబ్బుకు అతడు పోర్చుగల్ లీగును 2021లోనూ 2024లోనూ గెలిచి ఇచ్చాడు. వెనుక ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు, రెండు అంచుల్లో పైకీ కిందికీ పరుగెత్తే వింగ్‌బ్యాక్‌లు, ముందు ఇద్దరు లోపలి ఫార్వర్డ్‌లు ఉండే 3–4–3 అతడి పద్ధతి. యునైటెడ్ జట్టు వెనుక నలుగురు, అంచుల్లో వింగర్లు ఉండే ఆటకు సమకూర్చుకున్న జట్టు. మా బల్ల దగ్గర అతడి కప్పులు, అతడి మాటతీరు, అతడి వయసు చర్చకు వచ్చాయి. సీజన్ మధ్యలో, శిక్షణకు సమయమే లేని రోజుల్లో, వింగ్‌బ్యాక్‌లుగా ఎవరు ఆడతారన్న ప్రశ్న మాత్రం రాలేదు. ఆ సీజన్ లీగులో యునైటెడ్ 42 పాయింట్లతో 15వ స్థానంలో ముగిసింది. నేరమంతా అతడి మీద వేయడానికి ఇది రాయడం లేదు. ఇంత పెద్ద ప్రశ్నను అడగకుండానే మేము ఏడుగురం ఏకగ్రీవంగా ఎలా సంతోషించామో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

అదే ఏడాది లివర్‌పూల్ అభిమానులకు జరిగింది దీనికి తలకిందులు. క్లాప్ వెళ్లిపోతున్నానని 2024 జనవరిలో చెప్పగానే వారిలో ఎక్కువమంది నోట వినిపించిన పేరు షాబీ అలొన్సో. వారి పాత మిడ్‌ఫీల్డర్, పైగా అప్పటికి లెవర్‌కూసెన్ జట్టు అతడి చేతుల మీదుగా ఒక్క ఓటమి లేకుండా జర్మన్ లీగు వైపు సాగిపోతోంది. అతడు మార్చిలో తాను కదలడం లేదని చెప్పాడు. వచ్చిన స్లాట్ గురించి మనలో చాలామందికి తెలిసింది తక్కువ. కానీ నెదర్లాండ్స్ క్లబ్బు ఫెయెనూర్డ్‌లో అతడు ఆడించిన తీరు, వెనుక నలుగురితో, ముందుకు వచ్చి ఒత్తిడి పెట్టే ఆట, క్లాప్ వదిలివెళ్లిన జట్టుకు పెద్ద మార్పులు లేకుండా అతికేది. ఆ వేసవిలో జట్టుతో చేరి ఆ సీజన్ ఆడిన కొత్త ఆటగాడు ఫెడెరికో కియేసా ఒక్కడే. అయినా నాలుగు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే లీగు వారిదైంది. పొరుగింటి పుల్లకూర రుచిగా ఉండడం సహజమే, మన ఇంట్లో పప్పు ఏది ఉందో చూసుకుని కూర తేవడం వివేకం.

జట్టుకు తగినట్టు తనను మలచుకోగల మేనేజర్లు ఉంటారని, వారికి ఈ లెక్క వర్తించదని వాదించేవారు మీలోనూ ఉంటారు. వారి మాటలో నిజముంది. డ్రిల్లు సారు ఈ సందర్భంలో ప్రతిసారీ సయ్యద్ అబ్దుల్ రహీం ప్రస్తావన తెస్తారు. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టిన ఆ హైదరాబాదీ 1950 నుంచి 1963లో మరణించే వరకు భారత జట్టు కోచ్‌గా ఉన్నారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కాలంలోవే. 1962 జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైతే, రహీం ఆయనను సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ ఫార్వర్డ్‌గా దింపారు. జర్నైల్ రెండింటిలోనూ గోల్ కొట్టారు, దక్షిణ కొరియాతో ఫైనల్ 2–1తో మనది అయింది. అయితే ఇటువంటి గుణాన్ని ఊహించి అంటగట్టకూడదు. మీరు ప్రతిపాదించే వ్యక్తి రెండు వేరువేరు క్లబ్బుల్లో రెండు వేరువేరు ఆకృతులతో నెగ్గుకొచ్చాడని చూపించగలిగితేనే ఆ మినహాయింపు ఇవ్వండి.

గతాన్ని ఎలా చదవాలి?

కప్పుల సంఖ్య చదవడానికి తేలిక, అందుకే మోసం చేస్తుంది. దీర్ఘకాలంలో క్లబ్బు స్థానాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది ఆటగాళ్లకు అది ఇవ్వగలిగిన జీతాల మొత్తం. కాబట్టి జీతాల్లో పదో స్థానంలో ఉన్న క్లబ్బును ఆరో స్థానంలో నిలిపినవాడు, జీతాల్లో మొదటి స్థానంలో ఉన్న క్లబ్బును రెండో స్థానంలో నిలిపినవాడికన్నా ఎక్కువ చేసినట్టే. ఇంతవరకు సులువు. చిక్కు తర్వాత వస్తుంది: తక్కువ వనరులతో ఎక్కువ సాధించే నేర్పు, ఎక్కువ వనరులతో అంతా సాధించవలసిన చోట పనికివస్తుందా?

2013లో మేము తేల్చలేకపోయిన ప్రశ్న ఇదే. డేవిడ్ మోయెస్ ఎవర్టన్‌లో 11 ఏళ్లు, పరిమితమైన డబ్బుతో, జట్టును చాలా సీజన్లలో పరువుగా నిలిపాడు. కప్పు మాత్రం ఒక్కటీ లేదు. ఫెర్గూసన్ స్వయంగా ఎంచుకున్నారు కాబట్టి ఇక చర్చ ఏమిటని మేమంతా ఊరుకున్నాము. ఆరేళ్ల కాంట్రాక్టుతో వచ్చినవాడిని పది నెలలకే, 2014 ఏప్రిల్‌లో పంపేశారు. రాజును చూసిన కంట మొగుణ్ణి చూస్తే మొట్టబుద్ధయిందన్నట్టు, 13 లీగులు గెలిచిన మనిషి తర్వాత ఎవరు వచ్చినా మాకు చిన్నగానే కనిపించేవారన్నది వేరే సంగతి. ఫెర్గూసన్‌కు కూడా 1986లో వచ్చాక మొదటి కప్పు 1990లో గానీ దక్కలేదు, మొదటి లీగు 1993లో గానీ రాలేదు. ఈ సంగతి అందరూ ఓర్పుకు ఉదాహరణగా చెబుతారు. నేను కొంచెం జాగ్రత్తగా వాడమంటాను, ఎందుకంటే ఆయన యునైటెడ్‌కు రాకముందే అబర్డీన్‌తో 1983లో రియల్ మాడ్రిడ్‌ను ఓడించి యూరోపియన్ కప్ విన్నర్స్ కప్పు గెలిచి ఉన్నారు. ఓర్పు వహించడానికి ఆధారం ఉంది. ఏ ఆధారమూ లేని చోట ఓర్పును బతిమాలడానికి ఆయన పేరు వాడుకోవడం న్యాయం కాదు.

ఇక చివరి ఉద్యోగంలో జరిగిన పరాభవాన్ని చూసి మనిషిని కొట్టిపారేయడం. క్లాడియో రనియేరి 2014 నవంబరులో తన గ్రీస్ జట్టు సొంత గడ్డ మీద బుల్లి ఫారో దీవుల చేతిలో ఓడగానే నాలుగు మ్యాచ్‌లకే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మరుసటి జులైలో లెస్టర్ సిటీ అతడిని తీసుకున్నప్పుడు ఆ క్లబ్బు పాత ఆటగాడు గ్యారీ లినేకర్ కూడా బహిరంగంగానే ఆశ్చర్యపోయాడు. ఆ సీజన్ చివర లెస్టర్ ఇంగ్లండ్ విజేత. 1996లో జపాన్‌లోని నగోయా గ్రాంపస్ ఎయిట్ నుంచి ఆర్సెన్ వెంగర్ వచ్చినప్పుడు ఇతడెవడని అడిగిన లండన్‌లో, రెండేళ్లకే లీగూ ఎఫ్ఏ కప్పూ ఆర్సెనల్‌వి అయ్యాయి. అయితే రనియేరి లాంటివి అరుదు కాబట్టే మనకు గుర్తున్నాయి. రనియేరికి జరిగింది కదా అని ప్రతి బలహీనమైన పేరునూ సమర్థించేవాడు మా గుంపులో ఒకడున్నాడు. అతడికి ఒక వాదనలో ఒక్కసారే ఆ పేరు ఎత్తే హక్కు ఇచ్చాము.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. 2019–20లో మొదటిసారి మన దేశపు ఫుట్‌బాల్ లీగు ఐఎస్ఎల్ ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ పట్టికలో చివర నిలిచింది. తర్వాతి సీజన్‌కు ఒప్పందం చేసుకున్న ఆల్బర్ట్ రోకా, సీజన్ మొదలయ్యే ముందే బార్సిలోనా పిలుపు మీద వెళ్లిపోయాడు. ఆ స్థానంలో హడావిడిగా వచ్చిన మనోలో మార్కెజ్ పేరు విని మాలో ఎవరికీ ఉత్సాహం కలగలేదు. భారతీయ కుర్రవాళ్లకు అవకాశమిస్తూ అతడు కట్టిన జట్టు 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తింది. కోరుకున్నవాడు దొరకకపోవడం మంచికే అయిన కథలను కూడా లెక్కలో ఉంచుకోవాలని దీన్ని చెబుతున్నాను.

మనవాడే అన్న మమకారం

పాత ఆటగాడి పేరు రాగానే బల్ల దగ్గర గొంతులు మెత్తబడతాయి. 2018 డిసెంబరులో తాత్కాలికంగా వచ్చిన ఓలే గున్నార్ సోల్షార్ జట్టు మొదటి 19 మ్యాచ్‌ల్లో 14 గెలిచింది. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చివరి నిమిషంలో గోల్ కొట్టినవాడు, పారిస్‌లో అసాధ్యమనుకున్న గెలుపు తెచ్చినవాడు, ఇంకేం కావాలి అన్నాము. మార్చిలో మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఆ తర్వాత సీజన్‌లో మిగిలిన పది మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండు. తాత్కాలిక మేనేజర్ వరస విజయాలను చూసేటప్పుడు, సీజన్ ముగిసే వరకు ఆగడంలో నష్టమేమిటి అని కచ్చితంగా ఒకరు అడగాలి. ఆ ఒకరు మా దగ్గర ఆ రోజు లేరు.

మరి తమ పాత క్లబ్బుల్లోనే మేనేజర్లుగా నెగ్గిన జినెదిన్ జిదాన్ మాటేమిటి, పెప్ గ్వార్డియోలా మాటేమిటి అని అడుగుతారు. వారు పాత ఆటగాళ్లు కావడం ఒక్కటే కారణం కాదు. జిదాన్ రియల్ మాడ్రిడ్ రెండో జట్టుకు, గ్వార్డియోలా బార్సిలోనా రెండో జట్టుకు ముందు కోచ్‌లుగా పనిచేశారు. మికెల్ ఆర్టెటా మూడేళ్లకు పైగా గ్వార్డియోలా పక్కన సహాయకుడిగా ఉన్నాకే ఆర్సెనల్‌కు వచ్చాడు. ఆండ్రియా పిర్లోకు యువెంటస్ 2020లో అండర్–23 జట్టును అప్పగించి, అందులో ఒక్క మ్యాచ్ ఆడించకముందే పెద్ద జట్టును కట్టబెట్టింది. అతడు ఒక్క సీజన్ మించి ఉండలేదు. కాబట్టి మన క్లబ్బులో ఆడాడా అని కాకుండా, శిక్షణ పని ఎక్కడ నేర్చుకున్నాడు అని అడగండి.

దొరుకుతాడా?

దీనికి ఎక్కువ సమయం పెట్టనక్కరలేదు, కానీ వదిలేయకూడదు. కాంట్రాక్టులో ఉన్నవాడిని తెచ్చుకోవాలంటే అతడి క్లబ్బుకు పరిహారం కట్టాలి. అమోరిమ్ కాంట్రాక్టులో ఆ మొత్తం కోటి యూరోలని స్పోర్టింగ్ క్లబ్బే ప్రకటించింది. సహాయకుల బృందం ఖర్చు దానికి అదనం. రానివాడి పేరు మీద రాత్రంతా వాదించడం వృథా. వదంతుల విషయంలో మాది ఒకే నియమం: ఈ వార్త బయటికి రావడం వల్ల ఎవరికి లాభం? కొత్త కాంట్రాక్టు బేరంలో ఉన్న మేనేజర్ పేరు పెద్ద క్లబ్బులతో కలిపి తరచు వినిపించడానికి కారణం ఊహించడం కష్టం కాదు. పందేలవారు ఇచ్చే ధరలను వార్తలుగా చదవకండి. అవి డబ్బు ఎటు పడుతోందో చెబుతాయి తప్ప క్లబ్బు గదిలో ఏం జరుగుతోందో చెప్పవు. లెస్టర్ లీగు గెలవదన్న ధీమాతో, గెలిస్తే ఒకటికి అయిదు వేలు ఇస్తామన్నదీ వారే.

బల్ల దగ్గర నడవడి

ఇప్పుడు పేర్లు చెప్పవచ్చు. మా దగ్గర నియమం ఏమిటంటే, పేరు ప్రతిపాదించినవాడే ఆ పేరుకున్న అతి పెద్ద లోపాన్ని కూడా తానే చెప్పాలి. ఎదిరించేవాడు, ముందుగా ప్రతిపాదించినవాడి వాదనను అతడు అవునని తల ఊపేలా తిరిగి చెప్పి, అప్పుడు మాత్రమే ఖండించాలి. మొదట్లో ఇది సాగతీతగా అనిపిస్తుంది. రెండు వారాలకే సగం గొడవలు దీనితో తగ్గాయి, ఎందుకంటే మేము ఖండిస్తున్నది ఎదుటివాడు అనని మాటనని బయటపడింది.

పెద్దవారు చివర మాట్లాడాలన్నది డ్రిల్లు సారు స్వయంగా పెట్టిన నియమం. ఆయన ముందు మాట్లాడితే కుర్రవాళ్లు “అవును సార్” అని ఊరుకుంటారు, అది వాదన కాదు, హాజరు పట్టీ. మా ఊళ్లో పెద్దల మాటకు అడ్డం చెప్పకపోవడం మర్యాద, ఆ మర్యాదను పోగొట్టుకోకుండా కుర్రవాడి అభిప్రాయం వినడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు కనిపించలేదు. మేనేజర్ దేశం మీద, ఆకారం మీద, కుటుంబం మీద మాటలు వస్తే అక్కడికి ఆపేయండి.

చివరగా, ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ వేసి, ప్రతి ఒక్కరూ తమ అభ్యర్థి పేరు, రెండు కారణాలు, పది మ్యాచ్‌లు గడిచాక ఏం కనిపిస్తే తన అంచనా తప్పని ఒప్పుకుంటారో ఒక వాక్యం రాయాలి. జట్టు బాగుపడుతుంది అని రాస్తే చెల్లదు. ఎదుటి జట్టుకు ఇచ్చే అవకాశాలు తగ్గుతాయి, ఫలానా కుర్రవాడు వరుసగా ఆడతాడు, అన్నట్టుగా తర్వాత సరిచూడగలిగినది రాయాలి. క్లబ్బు ఎవరినో ఒకరిని ప్రకటించి, అతడు మెడలో స్కార్ఫ్ వేసుకుని ఫొటో దిగిన రోజు వాదన ముగిసినట్టు. అక్కడి నుంచి పది లీగు మ్యాచ్‌ల వరకు కొత్త పేరు ఎత్తకూడదు, పుస్తకం తెరవకూడదు.

ఈ చివరి నియమాన్ని మేము సొంతంగా పాటించలేమని మొదటి నెలలోనే తేలిపోయింది. అందుకే నోటుపుస్తకాన్ని టీ కొట్టు యజమానికి అప్పగించాము. ఆయన దాన్ని గల్లాపెట్టెలో మా బాకీల పద్దు పుస్తకం కింద పెట్టి, పై పుస్తకం లెక్క తేలితే గానీ కింది పుస్తకం ఇవ్వనంటున్నాడు.